మాట అవతలికి చేరే దారి: ఇంటి కంప్యూటర్‌లో మైకు శబ్దం తగ్గినప్పుడు

2020 తర్వాత మన ఉద్యోగ జీవితంలోకి వచ్చి స్థిరపడిపోయిన వాక్యం ఒకటుంది. "సార్, మీ వాయిస్ చాలా తక్కువగా వస్తోంది." రివ్యూ మీటింగుల్లో, సెలవు రోజు సాయంత్రం హఠాత్తుగా పెట్టే సమావేశాల్లో, శిక్షణ కళాశాల వారి ఆన్‌లైన్ తరగతుల్లో, చివరికి ప్రమోషన్ ఇంటర్వ్యూల్లో కూడా ఈ మాట విననివారు మనలో తక్కువే. అది వినగానే మనం చేసే పని కూడా ఒకటే. గొంతు పెంచి అరుస్తాం. మన మొండి బకాయిల వివరాలన్నీ పక్కింటివాళ్ళకు చక్కగా వినిపిస్తాయి. వినాల్సిన జోనల్ మేనేజరు గారికి మాత్రం వినిపించవు.

శాఖలోనూ, ప్రాంతీయ కార్యాలయంలోనూ వీడియో కాన్ఫరెన్స్ పరికరాలను ఐటీ విభాగం చూసుకుంటుంది. ఇంట్లో ఆ బాధ్యత మనదే. నేను ఇంజనీరును కాను. కామర్స్ చదివి, పైన మేనేజ్‌మెంట్ డిగ్రీ చేసి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే రుణాల పర్యవేక్షణ విభాగంలో పనిచేస్తూ రోజుకు రెండు మూడు ఆన్‌లైన్ సమావేశాలు నడపాల్సి రావడంతో, ఎవరి గొంతు ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టడం కొంత అలవాటైంది. ఆ అలవాటును మన పాఠకులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

సీనియర్లు నేర్పిన కిటుకు

నేను ఉద్యోగంలో చేరేనాటికి చేతిరాత లెడ్జర్ల కాలం ముగింపుకు వచ్చింది. అయినా మా మొదటి శాఖలో ఆ కాలపు పెద్దలు ఇంకా ఉండేవారు. సాయంత్రం లెక్క తేలకపోతే వాళ్ళు వెంటనే వోచర్ల కట్ట విప్పేవారు కాదు. ముందు తేడా అంకెను చూసేవారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ఎవరో అంకెలు తారుమారు చేసి రాశారేమోనని అనుమానించేవారు. 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900. తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి, ఆ మొత్తం గల వోచరు డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో పడిందేమో వెతికేవారు. తేడా స్వభావమే పొరపాటు ఉన్న చోటును చూపిస్తుందని వాళ్ళ నమ్మకం. చాలాసార్లు అది నిజమయ్యేది.

మైకు విషయంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. "శబ్దం తక్కువ" అన్నది ఒక్క మాటే అయినా, తగ్గడంలో రకాలున్నాయి. స్పష్టంగానే ఉండి తక్కువగా వినిపించడం ఒకటి. దూరంగా, బావిలోంచి వచ్చినట్టు ఉండటం మరొకటి. మొదట్లో బాగుండి పోను పోను తగ్గిపోవడం ఇంకొకటి. వాక్యం చివరి మాటలు మాత్రమే మాయం కావడం వేరు. మాటతో పాటు "స్" మని బుసలాంటి శబ్దం రావడం వేరు. వీటిలో ఒక్కొక్కదానికి కారణం ఒక్కోచోట ఉంటుంది. కాబట్టి "తక్కువగా వస్తోంది" అన్నవారిని ఇంకొక్క ప్రశ్న అడగండి: "తక్కువ అంటే ఎలా?" ఆ జవాబుతో సగం పని అయిపోతుంది.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. అందరికీ తక్కువగా ఉందా, ఒక్కరికేనా? ఒక్కరికే అయితే తేడా మన దగ్గర లేదు, వారి స్పీకరు దగ్గర ఉంది. నేను నాగపూర్‌లో ఉంటాను, అమ్మ విజయవాడలో. రోజూ రాత్రి ఇంటి కంప్యూటర్‌లో వీడియో కాల్. కొన్నాళ్ళు అమ్మ ప్రతి రెండో మాటకూ "గట్టిగా మాట్లాడు నాన్నా" అనేది. అదే పూట నా మాట ఆఫీసు సమావేశంలో ముప్పై మందికి బాగానే వినపడింది. కాబట్టి నా మైకు జోలికి పోకుండా, అక్కడున్న మా మేనల్లుడితో టాస్క్‌బార్‌లోని స్పీకరు బొమ్మ మీద రైట్ క్లిక్ చేయించి వాల్యూమ్ మిక్సర్ తెరిపించాను. మొత్తం వాల్యూమ్ నిండుగా ఉంది. కానీ బ్రౌజరుకు విడిగా ఉన్న గడిలో గీత అడుగున ఉంది. దాన్ని పైకి జరపడంతో సమస్య తీరింది. అప్పటిదాకా అమ్మ తనకు చెముడు వస్తోందని అనుకుందట. ఎవరికీ చెప్పకుండా.

ముందు రికార్డు చేసుకోండి

ఏ సెట్టింగునూ ముట్టుకోకముందు చేయాల్సిన పని ఒకటుంది. విండోస్‌లో సౌండ్ రికార్డర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. విండోస్ 10లో దాని పేరు వాయిస్ రికార్డర్. దాన్ని తెరిచి, మామూలు గొంతుతో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి. తర్వాత అయిదు సెకన్లు మౌనంగా ఉండండి. మళ్ళీ మీ శాఖ పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అక్షరం అక్షరం చదవండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

రికార్డింగులోనే గొంతు తక్కువగా ఉంటే తేడా మన నోటికీ విండోస్‌కూ మధ్య ఉంది. రికార్డింగు బాగుండి మీటింగులో మాత్రం తక్కువైతే, మైకుకు ఏ రోగమూ లేదు. తేడా మీటింగు యాప్‌లోనో, బ్లూటూత్‌లోనో, ఇంటర్నెట్‌లోనో ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన దారి సగానికి తగ్గిపోతుంది. మధ్యలో వదిలిన అయిదు సెకన్ల మౌనం ఎందుకంటే, అందులో వినిపించేదంతా మన మాట కానిది. ఫ్యాను, ఫ్రిజ్, వీధి. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు ఏ మైకు పనిచేస్తోంది?

ఇంటి కంప్యూటర్లలో నేను చూసినంతవరకు ఎక్కువ తగాదా ఇక్కడే. ల్యాప్‌టాప్‌కు సొంత మైకు ఉంటుంది. వెబ్‌కామ్‌లో ఒకటి ఉంటుంది. హెడ్‌సెట్‌లో ఒకటి. కొత్త పరికరం తగిలించినప్పుడల్లా కంప్యూటర్ దేన్ని వాడుకోవాలో తనంతట తాను నిర్ణయించుకుంటుంది. మనం హెడ్‌సెట్ మైకును నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంటాం. కంప్యూటర్ మాత్రం రెండడుగుల దూరంలోని వెబ్‌కామ్ మైకుతో వింటూ ఉంటుంది.

మా ప్రాంతంలో ఒక గ్రామీణ శాఖ మేనేజరు గారికి ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చింది. వీడియో ద్వారానే. ఆవిడది సహజంగా మెత్తని గొంతు. రెండు రోజుల ముందు మేం కొందరం కలిసి మాదిరి ఇంటర్వ్యూ చేశాం. జవాబులన్నీ ఆవిడకు తెలుసు, కానీ మాకు సగమే వినిపించాయి. "నా గొంతే అంతండీ, చిన్నప్పటి నుంచీ అందరూ అనేదే" అన్నారు. మైకు మీద గోరుతో మెల్లగా తట్టమన్నాను. మాకు టకటకమని గట్టిగా వినపడాలి. ఏమీ రాలేదు. వెబ్‌కామ్ మీద తట్టమన్నాను. చెవులు అదిరాయి. ఆవిడ ఫోన్ ఇయర్‌ఫోన్లను డెస్క్‌టాప్ కంప్యూటర్ గులాబీ రంగు రంధ్రంలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ పిన్ను ఆ రంధ్రానికి సరిపోయేది కాదు. మరునాడు నూట ఏభై రూపాయల లోపు దొరికే స్ప్లిటర్ తెప్పించుకున్నారు. ఇంటర్వ్యూలో ప్యానెల్ వాళ్ళు ఒక్కసారి కూడా "మళ్ళీ చెప్పండి" అనలేదట. ఇన్నేళ్ళుగా గొంతుది అనుకున్న లోపం ఎన్నిసార్లు మైకుదో! మన మీటింగుల్లో మెత్తగా మాట్లాడేవారిని, ముఖ్యంగా మహిళా సహోద్యోగులను, "కాస్త గట్టిగా మాట్లాడండి" అని విసుక్కునే ముందు మైకు మీద తట్టి చూడమని అడగడం మర్యాద అని నా అభిప్రాయం.

ఆ పిన్ను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద చుట్టూ గీతలుంటాయి. రెండు గీతలుంటే మూడు భాగాలు, మూడు గీతలుంటే నాలుగు భాగాలు. ఫోన్ ఇయర్‌ఫోన్లకు నాలుగు భాగాలు: ఎడమ చెవి, కుడి చెవి, ఎర్త్, మైకు. పాత డెస్క్‌టాప్‌లలో మైకుకు గులాబీ రంగు రంధ్రం, స్పీకరుకు ఆకుపచ్చ రంధ్రం విడివిడిగా ఉంటాయి. అవి మూడు భాగాల పిన్నుకు చేసినవి. నాలుగు భాగాల పిన్ను అందులో పెడితే మైకు తీగ తగలాల్సిన చోట తగలదు. ఒకవైపు నాలుగు భాగాల రంధ్రం, రెండోవైపు రెండు మూడు-భాగాల పిన్నులు ఉండే స్ప్లిటర్ ఇందుకే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఒకే రంధ్రం ఉంటే అది సాధారణంగా నాలుగు భాగాలదే, స్ప్లిటర్ అక్కరలేదు.

నీలం రంగు రంధ్రం కూడా ఒకటి ఉంటుంది. అది లైన్ ఇన్. టేప్ రికార్డరు, టీవీ లాంటి వాటి నుంచి వచ్చే బలమైన సిగ్నల్ కోసం. మైకు ఇచ్చేది వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, లైన్ సిగ్నల్ దానికి ఎన్నో వందల రెట్లు. మైకును నీలం రంధ్రంలో పెడితే గొంతు ఉందా లేదా అన్నట్టు వస్తుంది. భజనల్లోనో, అపార్టుమెంట్ ఫంక్షన్లలోనో వాడే పెద్ద మైకును నేరుగా కంప్యూటర్‌కు తగిలించినా ఇదే ఫలితం. అందులో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. అది ఇచ్చే కొద్దిపాటి సిగ్నల్‌ను పెంచడానికి ఆంప్లిఫయర్ ఉండాలి. హెడ్‌సెట్లలోని చిన్న మైకుల రకం వేరు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ రూపొందించిన ఎలక్ట్రెట్ మైకుల సంతతి అవి. కంప్యూటర్ రంధ్రం నుంచి అందే కొద్ది వోల్టులతో పనిచేస్తాయి.

అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ అయితే ముందువైపు రంధ్రాలను నమ్మకండి. లోపలి తీగ వదులై ఉండటం మామూలే. వెనక రంధ్రంలో పెట్టి చూడండి.

దూరం అనే వడ్డీ

సరైన మైకే పనిచేస్తోంది, అయినా బావిలోంచి మాట్లాడినట్టుంది. అప్పుడు చూడాల్సింది దూరం. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకును చేరే శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే సిగ్నల్ సగమవుతుంది. అరవై సెంటీమీటర్ల దూరంలోని ల్యాప్‌టాప్‌కు బదులు పదిహేను సెంటీమీటర్ల దూరంలో మైకు ఉంటే సిగ్నల్ నాలుగు రెట్లు. చక్రవడ్డీ లెక్కలు వేసే మనకు ఈ రెట్టింపుల బలం తెలియనిది కాదు.

ఇందులో అసలు లాభం ఇంకొకటి. మైకు నోటి దగ్గరికి వచ్చినా ఫ్యాను శబ్దం పెరగదు, అది ఉన్నంతే ఉంటుంది. మాట మాత్రమే పెరుగుతుంది. అదే సెట్టింగుల్లో వాల్యూమ్ పెంచితే మాటా ఫ్యానూ రెండూ కలిసి పెరుగుతాయి. మేనేజ్‌మెంట్ చదువులో కమ్యూనికేషన్ పాఠంలో పంపేవారు, మార్గం, నాయిస్, గ్రహీత అని ఒక బొమ్మ వేయించేవారు. నాయిస్ అంటే అపార్థాలు, పక్షపాతాలు అని మేం పరీక్షల్లో రాశాం. ఆ బొమ్మకు మూలమైన 1948 నాటి సిద్ధాంతం రాసిన క్లాడ్ షానన్ బెల్ ల్యాబ్స్ ఇంజనీరు. ఆయన దృష్టిలో ఉన్నది తీగల మీద సిగ్నల్‌ను పాడుచేసే అసలైన రొద. మన ఇంట్లో ఆ రొద చేసేది నెత్తిమీది సీలింగ్ ఫ్యాను. రికార్డింగులోని అయిదు సెకన్ల మౌనంలో అది ఎంత వినిపిస్తోందో గమనించండి. ఇంటర్వ్యూ లాంటి ముఖ్యమైన సమయంలో ఆ ఇరవై నిమిషాలు ఫ్యాను ఆపేయండి, లేదా రెండో నంబరులో పెట్టండి.

హెడ్‌సెట్ మైకు నోటికి ఎదురుగా వద్దు. పెదవుల చివర, పక్కగా, రెండు వేళ్ళ ఎడంలో ఉండాలి. ఎదురుగా ఉంటే "ఫ", "భ", "ఘ" లాంటి అక్షరాల దగ్గర ఊపిరి నేరుగా తగిలి బుడుబుడుమంటుంది. ఆ దెబ్బకు యాప్ భయపడి వాల్యూమ్ తగ్గించేస్తుంది కూడా. తీగ మీద మైకు ఉండే ఇయర్‌ఫోన్లు అయితే అది ఐడీ కార్డు తాడుకో, చీర కుచ్చిళ్ళకో రాసుకోకుండా కాలర్ దగ్గర చిన్న క్లిప్పుతో పెట్టండి.

ల్యాప్‌టాప్ మైకు రంధ్రాలు చాలా మోడళ్ళలో తెర పైన కెమెరాకు అటూ ఇటూ సూది మొనంత ఉంటాయి. కెమెరా మూయడానికి అంటించిన స్టిక్కరు వాటిని కూడా మూసేస్తుంది. కొన్నింటిలో కీబోర్డు అంచున ఉంటాయి. అక్కడ రబ్బరు షీటు పరిచి ఉంటుంది. రెండు రంధ్రాలున్నవి ఎదురుగా ఉన్న గొంతును పట్టుకుని పక్క శబ్దాలను తగ్గించేలా తయారైనవి. కాబట్టి పక్కకు తిరిగి ఫైలు చూస్తూ మాట్లాడితే మనమే పక్క శబ్దం అయిపోతాం. దుమ్ము పట్టిందని గుండుసూదితో పొడవకండి. లోపలి పొర చిరిగితే ఇక అంతే. మెత్తని పొడి బ్రష్షు చాలు.

విండోస్ లోపల

ఇంత చూశాకే సెట్టింగుల్లోకి వెళ్ళాలి. సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో సౌండ్. ఇన్‌పుట్ అనే భాగంలో మైకుల జాబితా ఉంటుంది. మనం వాడేదాన్ని ఎంచుకోవాలి. దాని మీద నొక్కితే ఇన్‌పుట్ వాల్యూమ్ గీత, స్టార్ట్ టెస్ట్ అనే బటన్ కనిపిస్తాయి. బటన్ నొక్కి, మామూలుగా మాట్లాడి, ఆపితే మన గొంతు ఎంత శాతం వచ్చిందో చూపిస్తుంది. గీతను ఎనభై దగ్గర పెట్టి మొదలుపెట్టి, చాలకపోతే వందకు తీసుకెళ్ళండి.

అప్పటికీ చాలకపోతే బూస్ట్. ఇది పాత సౌండ్ ప్యానెల్‌లో ఉంటుంది. సౌండ్ పేజీ అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అక్కడ రికార్డింగ్ ట్యాబ్‌లో మన మైకు మీద రెండుసార్లు క్లిక్ చేసి లెవెల్స్‌లోకి వెళ్తే మైక్రోఫోన్ బూస్ట్ కనిపిస్తుంది. అది సాధారణంగా పది డెసిబెల్స్ మెట్లలో పెరుగుతుంది. పది అంటే సిగ్నల్ సుమారు మూడు రెట్లు, ఇరవై అంటే పది రెట్లు, ముప్పై అంటే ముప్పై రెట్లకు పైగా. ఒక్కో మెట్టే ఎక్కి, ప్రతి మెట్టు దగ్గరా రికార్డు చేసి వినండి. బుస మొదలైందంటే ఒక మెట్టు దిగండి. నేరుగా ముప్పైకి తీసుకుపోతే గొంతు పగిలినట్టు వస్తుంది, అవతలివారికి అది తక్కువ శబ్దం కంటే బాధ. యూఎస్‌బీ మైకులకు చాలావాటికి ఈ బూస్ట్ గీత ఉండదు. కనిపించలేదని కంగారుపడనవసరం లేదు.

అక్కడే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, యాప్‌లు ఈ పరికరాన్ని తమ పూర్తి అధీనంలోకి తీసుకోవడానికి అనుమతించే టిక్కు ఒకటుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా గీత దానంతటదే పడిపోతుంటే ఆ టిక్కు తీసి చూడండి. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనేదాన్ని కూడా ఒకసారి ఆపి, రికార్డు చేసి, తేడా వినండి. ప్రైవసీ సెట్టింగుల్లో మైకుకు అనుమతి లేకపోతే శబ్దం తగ్గడం కాదు, అసలే రాదు. అది వేరే కథ.

ఒక్క నియమం మాత్రం తప్పకండి. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చిందేదో కాగితం మీద రాసుకోవాలి. నాలుగు గీతలు ఒకేసారి జరిపితే ఏది పనిచేసిందో తెలియదు, వెనక్కి వెళ్ళే దారీ ఉండదు. సరిదిద్దిన ప్రతి ఎంట్రీకి సంతకం పెట్టించే బ్యాంకులో పనిచేసేవాళ్ళకు ఇది నేను చెప్పాల్సింది కాదు.

మింగేసిన "లేదు"

రికార్డింగు బాగుంది, మీటింగులోనే తేడా. ఇప్పుడు యాప్‌ను అనుమానించాలి. మొదట బాగుండి పోను పోను తగ్గిపోతుంటే కారణం చాలావరకు మైకు వాల్యూమ్‌ను యాప్ తానే సర్దుకోవడం. మనం ఒకసారి గట్టిగా దగ్గినా, నవ్వినా అది వాల్యూమ్ తగ్గిస్తుంది. మళ్ళీ పెంచడానికి తీరిక తీసుకుంటుంది. జూమ్‌లో సెట్టింగ్స్‌లోని ఆడియోలో ఈ సర్దుబాటు తాలూకు టిక్కు ఉంటుంది. అది తీసేసి, చేత్తో ఒక స్థాయి పెట్టుకోవచ్చు. టీమ్స్‌లో పరికరాల పేజీలో ఇలాంటిదే ఉంటుంది. పరీక్ష కాల్ చేసుకునే సదుపాయమూ ఉంటుంది. వెర్షన్‌ను బట్టి పేర్లు మారుతుంటాయి గానీ పని ఇదే.

ఇక వాక్యాల చివరలు మాయమవుతుంటే దోషం రొదను వడకట్టే సదుపాయానిది, నాయిస్ సప్రెషన్‌ది. ఇది ఫ్యాను, మిక్సీ, కుక్కర్ లాంటి వాటిని తీసేయడానికి పెట్టింది. దాన్ని అత్యధిక స్థాయిలో ఉంచితే గొంతు తగ్గినచోట మాటను కూడా రొద అనుకుని కోసేస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు దీనివల్ల నష్టం కొంత తక్కువ. "నాట్" అన్న మాట వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. అవునా కాదా అన్నది ఆ క్రియ చివర తేలుతుంది. పైగా వాక్యం ముగిసేటప్పుడు మన గొంతు సహజంగానే కిందికి దిగుతుంది. "ఆ ఖాతా వాయిదా ఈ నెల కూడా కట్టలేదు సార్" అన్నప్పుడు చివరి మూడు అక్షరాలు పోతే అవతలివారికి మిగిలేది "కట్ట..." మాత్రమే. మిగతాది వాళ్ళు తమకు తోచినట్టు పూరించుకుంటారు. హిందీలోనూ క్రియ చివరే గనుక ఉత్తరాది సహోద్యోగులకు కూడా ఈ ఇబ్బంది లేకపోలేదు. వడకట్టే స్థాయిని తక్కువలో పెట్టండి, ఫ్యానును మీరే తగ్గించండి, "లేదు" అన్న మాటను నిలబెట్టి పలకండి. ఖాతాల వసూళ్ళ సమావేశంలో ఇది చిన్న విషయం కాదు.

బ్లూటూత్‌తో ఇంకో చిక్కు. పాటలు వినేటప్పుడు ఎంతో బాగుండే ఇయర్‌బడ్స్, మైకు వాడటం మొదలుపెట్టగానే చాలా కంప్యూటర్లలో ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతాయి. అందులో సన్నని, పదునైన ధ్వనులు సరిగ్గా ప్రయాణించవు. "ఎస్"కూ "ఎఫ్"కూ తేడా చూపే ధ్వని ఆ పై భాగంలోనే ఉంది. అందుకే ఫోన్‌లో ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ సీతా, ఎఫ్ ఫర్ ఫాదర్" అని మనం తంటాలు పడుతుంటాం. అవతలివారికి మాట మందంగా, తక్కువగా వినిపిస్తుంది. వాల్యూమ్ ఎంత పెంచినా ఆ మందం పోదు. ముఖ్యమైన కాల్‌కు తీగ ఉన్న హెడ్‌సెట్ వాడటమే దీనికి మందు.

సాయం ఎవరిని అడగాలి

ఇదంతా చేసే ఓపిక లేక కొందరు ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతారు. దయచేసి ఆ పని వద్దు. అక్కడ దొరికే నంబర్లలో మోసగాళ్ళవి ఉంటాయి. "ఒక యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం" అని మీ తెరను తమ చేతిలోకి తీసుకుంటారు. ఇలా దూరం నుంచి తెరను నడిపించే యాప్ ద్వారా జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. కస్టమర్లకు మనం రోజూ చెప్పే జాగ్రత్తే ఇది. మైకు బాగుచేస్తామన్నవాడికి మన నెట్ బ్యాంకింగ్ కూడా కనిపిస్తుందని ఆ క్షణంలో గుర్తుండదు. డ్రైవర్ కావాలంటే విండోస్ అప్‌డేట్ నుంచో, కంప్యూటర్ తయారీదారు సొంత సైటు నుంచో మాత్రమే తీసుకోండి. బ్యాంకు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అందులో ఏదీ దించుకోవద్దు. ఐటీ విభాగానికి టికెట్ పెట్టండి.

ఈ పరిజ్ఞానం కౌంటరులో కూడా అక్కరకొస్తుంది. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు వీడియో ద్వారా కస్టమరును గుర్తించే విధానాన్ని అనుమతించాక, మన అధికారి బ్యాంకులో కూర్చుని, కస్టమరు తన ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం మామూలైంది. అటువైపు మాట వినపడకపోతే "వినపడట్లేదు" అని కాల్ కట్ చేయడం తేలిక. అంతకన్నా "అమ్మా, చెవిలో బ్లూటూత్ ఉంటే తీసేయండి, ఫ్యాను ఒక్క రెండు నిమిషాలు ఆపండి, ఫోన్‌ను అడుగుభాగం వేళ్ళతో మూయకుండా పట్టుకోండి" అని చెప్పడానికి పావు నిమిషం పడుతుంది. ఫోన్ల మైకు రంధ్రం అడుగున ఉంటుంది, పెద్దవాళ్ళు అక్కడే పట్టుకుంటారు.

అన్నీ చూశాక కూడా గొంతు లేవకపోతే మిగిలింది వస్తువు మార్చి చూడటమే. ఆ హెడ్‌సెట్‌ను ఇంకొకరి కంప్యూటర్‌కు పెట్టండి. అక్కడా తక్కువైతే హెడ్‌సెట్ పని అయిపోయింది. పిన్ను దగ్గర తీగ లోపల తెగి ఉంటుంది, రిపేరు గిట్టుబాటు కాదు. అక్కడ బాగా పనిచేస్తే మీ కంప్యూటర్ రంధ్రమో, సౌండ్ సర్క్యూటో పాడైనట్టు. దానికోసం మదర్‌బోర్డు మార్చమనే దుకాణదారుడి మాట వెంటనే వినకండి. వేలెడంత యూఎస్‌బీ సౌండ్ అడాప్టరు అయిదు వందల లోపు దొరుకుతుంది. దాన్ని తగిలించి, సౌండ్ పేజీలో ఇన్‌పుట్‌గా దాన్నే ఎంచుకుని, మళ్ళీ ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టి రికార్డు చేసుకోండి.